ఎగుమతి రొయ్యకు ల్యాబ్ పరీక్ష.. మరి మన ప్లేటులో చేపకు? ఆక్వా చెరువుల్లో యాంటీబయాటిక్స్‌పై సోమందేపల్లె నుంచి ఓ లెక్క

సోమందేపల్లె (శ్రీ సత్యసాయి జిల్లా): ఇక్కడి నుంచి సముద్రం ఎటు చూసినా 250 కిలోమీటర్ల పైనే. వాన పడితే పంట, బోరు పడితే నీళ్లు అన్నట్టు బతికే నేల ఇది. అయినా ఆదివారం వచ్చిందంటే హైవే పక్కన థర్మోకోల్ పెట్టెల్లో, ఐసు ముక్కల మధ్య చేపలు, రొయ్యలు కనిపిస్తాయి. ఆగుతాం. మొప్పలు ఎత్తి చూస్తాం. ఫ్రెష్షేనా అని అడుగుతాం. కిలోకు ఇరవై తగ్గించమని బేరమాడతాం. ఒక్క ప్రశ్న మాత్రం ఎవరం అడగం. ఈ చేప పెరిగేటప్పుడు దానికి ఏం మందులు వేశారు?

అడిగినా అమ్మేవాళ్ల దగ్గర జవాబు ఉండదు. అది వాళ్ల తప్పు కాదు. ఆ సమాచారాన్ని చెరువు గట్టు నుంచి మన వీధి దాకా తెచ్చే ఏర్పాటే లేదు. అదే చెరువులో రొయ్య యూరప్ ఓడ ఎక్కాలంటే మాత్రం పట్టుబడికి ముందే ల్యాబ్‌కు వెళ్లాలి, సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, అక్కడ పోర్టులో మళ్లీ పరీక్షకు నిలబడాలి.

ఒకే రాష్ట్రం, ఒకే నీళ్లు. ఎగుమతికి ఒక లెక్క, మన ప్లేటుకు ఒక లెక్క. అసలు సమస్య ఇక్కడే మొదలవుతోంది.

ఇప్పుడెందుకు ఈ చర్చ?

దేశం నుంచి 2024-25లో 16.98 లక్షల టన్నుల సముద్ర ఉత్పత్తులు విదేశాలకు వెళ్లాయి. విలువ రూ.62,408 కోట్లు. అందులో ఒక్క ఫ్రోజెన్ రొయ్యల వాటానే రూ.43 వేల కోట్లకు పైన. ఆ రొయ్యల్లో సింహభాగం ఆంధ్రప్రదేశ్ చెరువులదే. నెల్లూరు నుంచి భీమవరం, కాకినాడ దాకా లక్షల కుటుంబాలు దీని మీదే ఆధారపడ్డాయి.

2025 ఆగస్టులో అమెరికా భారత సరుకుపై సుంకాన్ని 50 శాతానికి చేర్చడంతో ఎగుమతిదారుల చూపు యూరప్ వైపు తిరిగింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో యూరోపియన్ యూనియన్ మన దేశం నుంచి మరో 102 యూనిట్లకు అనుమతి ఇవ్వడం కాస్త ఊరట.

కానీ యూరప్ తలుపు తెరుస్తూనే ఒక షరతు కూడా పెట్టింది. 2026 సెప్టెంబర్ 3 నుంచి వర్తించేలా తెచ్చిన నిబంధన ప్రకారం, తమ మార్కెట్‌కు వచ్చే మాంసం, చేప, రొయ్య ఏదైనా సరే.. దాన్ని త్వరగా పెంచడానికి యాంటీబయాటిక్స్ వాడి ఉండకూడదు. మనుషుల చికిత్స కోసమే ప్రత్యేకంగా ఉంచిన మందులను అసలే వాడి ఉండకూడదు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఇన్నాళ్లూ ప్రశ్న 'రొయ్యలో మందు మిగిలి ఉందా?' అని. ఇప్పుడు అడుగుతున్నది 'దాన్ని పెంచేటప్పుడు ఏ మందు వాడారు?' అని. మొదటిదానికి ల్యాబ్ రిపోర్టు సరిపోతుంది. రెండోదానికి చెరువు గట్టున రాసిన రికార్డు కావాలి.

చెరువులో ఏం జరుగుతుంది?

చేపకైనా రొయ్యకైనా ఉప్పునీటిలో పెద్ద శత్రువు విబ్రియో అనే బ్యాక్టీరియా కుటుంబం. ఇది ఎక్కడి నుంచో రాదు, ఉప్పునీటిలో ఎప్పుడూ ఉంటుంది. చెరువులో జీవాలు కిక్కిరిసిపోయి, అడుగున మేత కుళ్లి, ఆక్సిజన్ తగ్గిన రోజున విరుచుకుపడుతుంది.

గోదావరి జిల్లాల్లో, కృష్ణా తీరంలో ఇష్టంగా తినే పండుగప్పనే తీసుకోండి. చెరువుల్లో పెంచుతారు, సముద్రంలో పంజరాలు కట్టి కూడా పెంచుతారు. దేశంలో తొలి సముద్ర పంజరాన్ని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 2007లో విశాఖ తీరంలోనే దించింది. ఈ చేపకు విబ్రియో సోకితే ఒంటి మీద పుండ్లు పడతాయి, రెక్కలు చివికిపోతాయి. స్ట్రెప్టోకాకస్ సోకితే కళ్లు బయటికి పొడుచుకొస్తాయి, చేప గిరగిరా తిరిగి చనిపోతుంది. పండుగప్పకు మేతగా వేసే చిన్న చేపలతోనూ ఈ రోగాలు చెరువులోకి రావచ్చు.

రొయ్యల్లో పరిస్థితి ఇంకా చిక్కు. రైతును ముంచే వ్యాధులు చాలానే ఉన్నా అన్నీ బ్యాక్టీరియావి కావు. 1990ల మధ్య నుంచి మన తీరాన్ని వణికిస్తున్న తెల్లమచ్చల వ్యాధి వైరస్ వల్ల వస్తుంది. రొయ్య ఎదుగుదలను ఆపేసే ఈహెచ్‌పీ ఫంగస్ జాతికి దగ్గరి పరాన్నజీవి. ఈ రెండింటి మీదా యాంటీబయాటిక్ పనిచేయదు. ఒక్క చుక్క కూడా.

కానీ చెరువులో రొయ్య తేలిపోతుంటే రైతుకు ముందు కనిపించేది నష్టం. అది వైరసా, బ్యాక్టీరియానా అని తేల్చుకునే టైమ్ ఎక్కడిది? అలా జలుబుకు యాంటీబయాటిక్ మింగే మన అలవాటే చెరువులోకీ దిగింది.

మేతలో కలిపితే సగం కథ అక్కడే చెడుతుంది

పశువుకైతే సూది వేస్తాం. చెరువులో లక్షల పిల్లలకు సూది వేయలేం కదా. కాబట్టి మందును మేతకు పట్టించి చల్లుతారు. చిక్కేంటంటే, రోగం వచ్చిన చేప ముందు మానేసేది మేతనే. అంటే మందు తినేది బాగున్న చేప, తినలేనిది రోగం వచ్చిన చేప.

ఆక్సిటెట్రాసైక్లిన్ లాంటి మందుకు ఇంకో ఇబ్బంది ఉంది. ఉప్పునీటిలో దండిగా ఉండే క్యాల్షియం, మెగ్నీషియం దాన్ని పట్టేసుకుంటాయి. పని తగ్గుతుంది. పని తగ్గిందని డోసు పెంచుతారు. చేప అరిగించుకోలేనిది విసర్జనతో బయటికి, తినకుండా మిగిలిన మేత అడుగుకు. చివరికి చెరువు బురద నిండా పలుచగా మందు.

బ్యాక్టీరియాకు ఇంతకంటే మంచి ట్రైనింగ్ సెంటర్ దొరకదు. చంపేంత మందు లేదు, అలవాటు పడేంత మాత్రం ఉంది. బలహీనమైనవి పోతాయి, తట్టుకున్నవి పిల్లలు పెడతాయి. రెండు మూడు పంటలు తిరిగేసరికి ఆ చెరువులో ఆ మందు పనిచేయడం మానేస్తుంది.

అవశేషం వేరు.. నిరోధకత వేరు

చాలా చర్చల్లో ఈ రెండింటినీ కలిపేస్తారు. విడదీసి చూడకపోతే అసలు ప్రమాదం కనిపించదు.

చేప కండలో మిగిలిపోయిన మందును అవశేషం అంటారు. దీన్ని ల్యాబ్‌లో కొలవచ్చు. యూరప్ ఎంత కచ్చితంగా కొలుస్తుందంటే, క్లోరాంఫెనికాల్ కిలోకు 0.15 మైక్రోగ్రాములు దాటితే సరుకు వెనక్కే. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షలవ వంతు. అనుమతి ఉన్న మందైతే పట్టుబడికి తగినన్ని రోజుల ముందు ఆపేస్తే అవశేషం పరిమితిలోకి దిగుతుంది. పరీక్ష పాస్.

నిరోధకత అలా కాదు. మందు ఆపేసినా, చేపను పట్టేసినా, చెరువు ఖాళీ చేసినా, మందుకు లొంగని బ్యాక్టీరియా బురదలో, కాలువలో, పక్క చెరువులో బతికే ఉంటుంది. అవశేషం పరీక్షలో 'ఓకే' వచ్చిన చెరువు కూడా నిరోధక బ్యాక్టీరియాకు నిలయం కావచ్చు. ఎగుమతి సర్టిఫికెట్ ఈ సంగతి చెప్పదు, అది చెప్పడానికి పుట్టిన కాగితమూ కాదు.

ఇంట్లో వండేటప్పుడు బ్యాక్టీరియా వేడికి చచ్చిపోతుంది. కాబట్టి బాగా ఉడికిన చేపల పులుసుకు భయపడక్కర్లేదు. ప్రమాదం వంటకు ముందే ఉంది. చెరువులో దిగే కూలీ, ప్రాసెసింగ్ ప్లాంటులో తలలు తీసే మహిళలు, బజార్లో చేప కోసేవాళ్లు, వంటింట్లో వేలు తెగినవాళ్లు. 1995-96లో కెనడాలోని టొరంటోలో కొందరికి స్ట్రెప్టోకాకస్ ఇనియే సోకింది. ఆరా తీస్తే, వాళ్లంతా పెంపకం చేపలను చేతితో శుభ్రం చేసినవాళ్లే అని తేలింది.

సముద్రం నుంచి ఆసుపత్రి వార్డుకు

'చేపల రోగం చేపలది, మన రోగం మనది కదా?' అని అనుకోవచ్చు. బ్యాక్టీరియా అలా అనుకోదు. మందును తట్టుకునే విద్య ఒక చిన్న గుండ్రటి డీఎన్‌ఏ ముక్కలో ఉంటుంది. దాని పేరు ప్లాస్మిడ్. దాన్ని ఒక బ్యాక్టీరియా ఇంకో జాతి బ్యాక్టీరియాకు కూడా అందించగలదు. పరీక్ష హాల్లో స్లిప్పు పాస్ చేసినట్టే.

ఇదేమీ ఊహ కాదు. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి మందులను దెబ్బతీసే 'క్యూఎన్ఆర్' జన్యువును 1998లో ఓ ఆసుపత్రి రోగి నుంచి తీసిన బ్యాక్టీరియాలో గుర్తించారు. అది ఎక్కడి నుంచి వచ్చిందని వెతికిన శాస్త్రవేత్తలు 2005లో దాని పుట్టిల్లు కనుక్కున్నారు. షెవనెల్లా ఆల్గే.. సముద్ర నీటిలో బతికే బ్యాక్టీరియా. నీటిలో పుట్టిన జన్యువు వార్డులో రోగి మంచం దాకా వచ్చింది. అది ఏ చెరువు మీదుగా వచ్చిందో ఎవరూ చెప్పలేరు. కానీ దారి ఉందన్నది మాత్రం ఖాయం.

ప్రపంచవ్యాప్తంగా 2019లో మందులకు లొంగని ఇన్ఫెక్షన్ల వల్ల నేరుగా 12.7 లక్షల మంది చనిపోయారని అంతర్జాతీయ అధ్యయనం లెక్కగట్టింది. ఇందులో ఆక్వా వాటా ఎంతో విడదీసిన లెక్క లేదు. మనుషులకు ఇష్టమొచ్చినట్టు వాడటమే ఇందులో పెద్ద భాగం. అలాగని చెరువుకు క్లీన్ చిట్ ఇవ్వలేం.

అప్పు ఇచ్చేవాడే డాక్టర్

రైతును తిట్టడం తేలిక. కానీ రైతు పరిస్థితేంటో చూడండి.

చెరువు చాలాసార్లు లీజుది. సీడ్, మేత, మందులు డీలర్ దగ్గర అరువు. పంట పట్టాక లెక్క తేలుతుంది. రోగం వస్తే ముందు వచ్చేది కూడా ఆ షాపు మనిషే. ఏ మందు వేయాలో చెప్పేది, అమ్మేది, దాని మీద మార్జిన్ తీసుకునేది ఒక్కరే. అరువు బాకీ ఉన్న రైతు 'వద్దు' అనగలడా? కొన్ని సీసాల మీద, పొట్లాల మీద లోపల ఏముందో సరిగ్గా రాసి కూడా ఉండదు. 'గట్ బాగుంటుంది, గ్రోత్ వస్తుంది' అంటారు. అంతే.

పశువుకు బాలేకపోతే ఊళ్లో ప్రభుత్వ పశువైద్యుడు ఉంటాడు. చేపకు రోగం వస్తే చీటీ రాసిచ్చే డాక్టర్ అంత దగ్గరలో ఎవరూ ఉండరు. ఆ ఖాళీని షాపు నింపింది. షాపు మీద నియంత్రణ పెట్టకుండా రైతు మీద కేసులు పెడితే మార్పు రాదు.

చట్టాలు లేవా అంటే.. ఉన్నాయి

2002లో యూరప్ పరీక్షల్లో ఆసియా దేశాల రొయ్యల్లో నైట్రోఫ్యూరాన్లు బయటపడ్డాక మన దగ్గరా ఆంక్షలు బిగిశాయి. తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ 20 రకాల మందుల వాడకాన్ని నిషేధించింది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు, ఫ్లోరోక్వినలోన్లు అందులోవే. 2023లో ఆ చట్టాన్ని సవరించి సముద్ర పంజరాల పెంపకాన్ని కూడా దాని కిందికి తెచ్చారు. రాష్ట్రంలో 2020 నుంచి ఆక్వా అథారిటీ చట్టం ఉంది, మేత నాణ్యత చట్టమూ ఉంది. 2019లో పశువులు, కోళ్లు, ఆక్వాలో కొలిస్టిన్ వాడకాన్ని కేంద్రం నిషేధించింది. 2025 మార్చిలో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లను ఆహారం కోసం పెంచే జీవాల్లో వాడేందుకు తయారు చేయడం, అమ్మడం కూడా నిషేధం.

చట్టాల లిస్టు ఇంత పొడుగు ఉన్నా, 2016లో యూరప్ మన పెంపకం రొయ్యలపై శాంపిళ్ల తనిఖీని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. ఎందుకు? నిషేధం కాగితం మీద ఉంటే సరిపోదు, షాపు కౌంటర్ దగ్గర కనిపించాలి కాబట్టి.

ఎగుమతి సరుకు కోసం ఎంపెడా ల్యాబ్‌లు, పట్టుబడికి ముందు పరీక్షలు, జాతీయ అవశేషాల నియంత్రణ ప్రణాళిక ఉన్నాయి. దేశీయ మార్కెట్‌కు ఎఫ్ఎస్ఎస్ఏఐ పరిమితులు వర్తిస్తాయి. పరిమితి ఉంది, కానీ సోమందేపల్లెకో హిందూపురానికో వచ్చే ప్రతి లోడుకూ ఎగుమతి సరుకులా పరీక్ష జరగదు. ఇదే అసలు లోటు.

నార్వే ఒక దారి.. చిలీ ఒక దారి

ఈ సమస్య నుంచి బయటపడిన దేశం ఉందా? ఉంది. నార్వేలో 1987లో సాల్మన్ చేపలకు దాదాపు 50 టన్నుల యాంటీబయాటిక్స్ వాడారు. అప్పుడు వాళ్ల ఉత్పత్తి 50 వేల టన్నుల చుట్టుపక్కలే. అంటే టన్ను చేపకు సుమారు కిలో మందు! తర్వాత చేప పిల్లలను సముద్రంలో వదిలేముందే టీకాలు వేయడం మొదలెట్టారు. ఒక బ్యాచ్‌కూ ఇంకో బ్యాచ్‌కూ మధ్య పంజరాల స్థలాన్ని ఖాళీగా వదిలారు. మందుకు డాక్టర్ చీటీ తప్పనిసరి చేశారు. ఇప్పుడు ఉత్పత్తి 15 లక్షల టన్నుల స్థాయిలో ఉంది, మందు మాత్రం ఏడాదికి టన్ను లోపే.

అదే సాల్మన్ పెంచే చిలీలో పిసిరికెట్సియా అనే బ్యాక్టీరియాకు సరైన టీకా కుదరలేదు. అక్కడ ఇప్పటికీ ఏటా 300 టన్నులకు పైగా యాంటీబయాటిక్స్ పోస్తున్నారు.

ఈ రెండు దేశాల కథ నుంచి మనం నేర్చుకోవాల్సింది ఏంటంటే, మందు తగ్గాలంటే రోగం రాకుండా చూసే ఏర్పాటు ముందు నిలబడాలి. పండుగప్ప లాంటి చేపలకు టీకా దారి ఉంది. చెన్నైలోని సీబా సంస్థ పండుగప్ప పిల్లలను చంపే నోడా వైరస్‌పై టీకాను ఇప్పటికే తయారు చేసింది. విబ్రియో, స్ట్రెప్టోకాకస్‌లకు కూడా రైతు కొనగలిగే టీకాలు రావాలి. రొయ్యకు మాత్రం ఈ దారి మూసుకుపోయింది. టీకాను గుర్తుపెట్టుకునే రోగనిరోధక వ్యవస్థ దానికి మనలా ఉండదు. అక్కడ మంచి సీడ్, తక్కువ స్టాకింగ్, శుభ్రమైన నీరు.. ఇవే టీకాలు.

ఇంతకీ సోమందేపల్లెకు ఏం సంబంధం?

సముద్రం లేని ఊరు కాబట్టి ఈ వార్త మనది కాదనుకుంటే పొరపాటే. ఉమ్మడి అనంతపురం అంటేనే గొర్రెల జిల్లా. మందలో ఒక గొర్రె తల వాల్చితే చాలు, షాపులో అడిగి సూది తెచ్చి వేసేయడం చాలా ఊళ్లలో ఉన్న అలవాటు. ఆక్సిటెట్రాసైక్లిన్, ఎన్‌రోఫ్లాక్సాసిన్.. చెరువు గట్టున వినిపించే పేర్లే దొడ్డి దగ్గరా వినిపిస్తాయి. ఎన్‌రోఫ్లాక్సాసిన్ జీవం ఒంట్లోకి వెళ్లాక కొంత సిప్రోఫ్లాక్సాసిన్‌గా మారుతుంది. జ్వరం, విరేచనాలకు మనం చీటీ లేకుండా కొనుక్కునే సిప్రో కూడా అదే.

అంటే చెరువు, దొడ్డి, ఇల్లు.. మూడు చోట్లా ఒకే మందు, ఒకే నిర్లక్ష్యం. హంద్రీ-నీవా నీళ్లతో ఈ ప్రాంతంలో చెరువులు నిండుతున్నాయి, చేపల పెంపకమూ పెరుగుతుంది. తీరంలో 30 ఏళ్లుగా చేసిన పొరపాట్లను ఇక్కడ మొదటి నుంచి మళ్లీ చేయాల్సిన అవసరం లేదు.

ఏం చేస్తే మారుతుంది?

మొదటిది, చీటీ. ఆక్వా షాపులో యాంటీబయాటిక్ అమ్మాలంటే అర్హత ఉన్న నిపుణుడి చీటీ ఉండాలి. ఎవరికి, ఏ చెరువుకు, ఎంత అమ్మారో రిజిస్టర్‌లో ఉండాలి. యూరప్ అడుగుతున్న రికార్డు అలాగే పుడుతుంది.

రెండోది, ముందు పరీక్ష, తర్వాత మందు. వైరసా బ్యాక్టీరియానా తేల్చే ల్యాబ్ రైతుకు గంటల్లో రిపోర్టు ఇవ్వాలి. ఫీజు మందు డబ్బా కంటే చవగ్గా ఉండాలి. లేకపోతే రైతు డబ్బానే కొంటాడు.

మూడోది, మన మార్కెట్‌కూ అదే కొలత. హిందూపురం, పెనుకొండ లాంటి టౌన్ల చేపల మార్కెట్ల నుంచి క్రమం తప్పకుండా శాంపిళ్లు తీసి, ఫలితాలను అందరికీ కనిపించేలా పెట్టాలి. అవశేషాలతో ఆగకుండా, మందులకు లొంగని బ్యాక్టీరియానూ లెక్కపెట్టాలి.

ఇక కొనే మనం? చేప మానేయనక్కర్లేదు. చేతికి గాయం ఉంటే చేప కోయొద్దు. పచ్చి చేప కోసిన కత్తి, పీట కడగకుండా కూరగాయలకు వాడొద్దు. బాగా ఉడికించి తినాలి. చీటీ లేకుండా మనమూ మాత్రలు కొనొద్దు, మందకూ కొనొద్దు. వచ్చే ఆదివారం పెట్టె దగ్గర ఆగినప్పుడు, కిలో ఎంత అని అడిగాక ఇంకో మాట కూడా అడుగుదాం. ఇది ఏ చెరువుది అన్నా? ఏం మందులు వేశారు?

మొదట్లో జవాబు రాదు. యూరప్‌కు కూడా మొదట్లో రాలేదు. అడుగుతూనే ఉంది కాబట్టే ఇవాళ వాళ్ల రొయ్యకు రిపోర్టు ఉంది.